తాళాలగుత్తి ఆవిడదే... పెత్తనం ఎవరిది?

కిందటేడు కార్తీక మాసంలో మా అత్తయ్యగారు తులసికోట దగ్గర తడిగచ్చు మీద కాలుజారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చి ఆపరేషను చేయించాం. పదకొండు రోజులు నేనే దగ్గరున్నాను. ఇంట్లో వంటావార్పూ మా అమ్మాయి చూసుకుంది. ఆ పదకొండు రోజుల్లో నేను చేసిన ఒక తప్పు గురించి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మూడో రోజు రాత్రి రెండు దాటింది. నేను కునుకు తీసి లేచేసరికి సెలైన్ సీసా ఖాళీ! గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. గుండె ఆగినంత పనయింది. నర్సుల గదికి పరుగెత్తాను. అక్కడెవరూ లేరు. వార్డంతా వెతికితే, చివరి మంచం మీద ఆయాసంతో కొట్టుకుంటున్న పెద్దాయనకి ఆక్సిజన్ పెడుతూ ఒకే ఒక్క సిస్టరు కనిపించింది. "వస్తున్నానమ్మా, గొట్టానికున్న చక్రం తిప్పేసి ఉంచండి" అంది. ఏ చక్రమో, ఎటు తిప్పాలో నాకేం తెలుసు? ఆమె వచ్చి సరిచేసేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

తెల్లారి హెడ్ నర్సు గారు డ్యూటీకి రాగానే అందరి ముందూ కడిగేశాను. "ఇన్‌ఛార్జి మీరేనటగా! మీ ఇంట్లో మనిషైతే ఇలాగే వదిలేస్తారా?" అన్నాను. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నడుముకి తాళాలగుత్తి. ఎదురు మాటనలేదు. మంచం దగ్గరకొచ్చి ఆ చక్రం చూపించారు. "సీసాలో ఇంత ఉండగానే మమ్మల్ని పిలవండి. రావడం ఆలస్యమైతే దీన్ని ఇలా మూసెయ్యండి" అని నా చేతే తిప్పించారు. అత్తయ్యగారికి పక్కపుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిడి మార్చాలనీ, దుప్పటి ముడత పడకూడదనీ, మడమలూ నడుము కిందా ఎర్రబడుతున్నాయేమో రోజూ చూడాలనీ చెప్పారు. "ఆపరేషనైన మనిషిని మీ అంతట మీరు తిప్పకండి. సిస్టరు చూపించినట్టే తిప్పాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

ఆ రోజు నుంచీ ఆవిణ్ణి గమనించడం మొదలుపెట్టాను. ఆసుపత్రిలో మనకి ఇంకేం పని గనక!

వార్డులో నలభై మంచాలు. దుప్పట్లు తక్కువైతే ఆవిణ్ణే అడుగుతారు. కుళాయి కారినా ఆవిణ్ణే, ఆయా రాకపోయినా ఆవిణ్ణే. డాక్టరు గారు రౌండ్లకొచ్చి "ఇంకా కట్టు మార్చలేదేం?" అని కసురుకునేదీ ఆవిణ్ణే. రోగుల బంధువులు నాలాగే నోరు పారేసుకునేదీ ఆవిడ మీదే. తీరా చూస్తే, దుప్పట్లు స్టోరు వాళ్ళివ్వాలి. కుళాయికి వేరే శాఖ వాళ్ళు రావాలి. ఆయాలు కాంట్రాక్టు మనుషులు, వాళ్ళ జీతం, సెలవు కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి. ఆవిడ చేతిలో ఉన్నది ఇండెంటు పుస్తకం ఒక్కటే.

ఏడో రోజు మా అమ్మాయి పొట్టిక్కబుట్టలూ కొబ్బరి పచ్చడీ పంపితే, ఆవిడకి కూడా రెండు పెట్టాను. నిజం చెప్పొద్దూ, అది నా క్షమాపణ! తింటూ ఆవిడే చెప్పుకొచ్చారు. "పాతికేళ్ళు మందూ సూదీ పట్టుకున్నానమ్మా. సీనియారిటీ వచ్చింది, హెడ్ నర్సుని చేశారు. మనుషుల్ని ఎలా నడిపించాలో ఒక్క రోజూ ఎవరూ నేర్పలేదు. పోనీ నడిపిద్దామంటే మనుషులేరీ? ఏది తగ్గినా జవాబు చెప్పేది నేను. ఏది కావాలన్నా నేను వెళ్ళి ఇంకొకర్ని అడగాల్సిందే."

ఆ మాట వినగానే నా కొత్తకాపురం రోజులు గుర్తొచ్చాయి. అత్తయ్యగారు కొట్టు తాళం నా చేతికిచ్చారు. అందరూ "అదృష్టవంతురాలివే" అన్నారు. బియ్యం తగ్గితే అడిగేది నన్ను. బస్తా తెప్పించమని చెప్పే హక్కు మాత్రం నాది కాదు, మావయ్యగారిది. మనలో చాలామందికి ఇది తెలిసిన బాధే కదండీ!

నర్సులు ఎంతమంది ఉండాలో ఒక లెక్క ఉందని కూడా ఆవిడే చెప్పారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం మామూలు ఆసుపత్రుల్లో ఐదు పడకలకి ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో మూడింటికి ఒకరు ఉండాలట. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. నలభై పడకలకి ఎనిమిది మంది, అదనంతో కలిపితే పదిమంది. మూడు షిఫ్టులకి పంచి చూడండి. రాత్రి పూట కనీసం ఇద్దరైనా ఉండాలి కదా. ఆ రాత్రి ఉన్నది ఒక్కరు. ఆ ఒక్కరి మీదా నేను అరిచాను.

అయినా ఆవిడ చేతులు కట్టుకు కూర్చోలేదు. సీరియస్ కేసుల్ని నర్సుల బల్లకి దగ్గర మంచాలకి మార్పించారు. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లూ మంచం మంచం దగ్గరా నిలబడి అప్పగించుకునేలా చేశారు. ట్రైనింగు పిల్లల్ని పెద్ద సిస్టర్లకి జతచేసి నేర్పించారు. నాలాంటి బంధువులకి చిన్న చిన్న పనులు చూపించారు. హక్కు లేనిచోట ఓర్పుతో, మంచి మాటతో నెట్టుకొచ్చారు. కానీ ఎన్నాళ్ళని అలా? ఆవిడ రిటైరైతే ఆ ఓర్పు కూడా ఆవిడతోనే పోతుంది కదా!

పెత్తనం ఇస్తే నర్సులు ఏం చెయ్యగలరో నేను చిన్నప్పుడే చూశాను. మా పుట్టిల్లు కాట్రేనికోన వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమని ఎలా ఊడ్చేసిందో ఆ వయసు వాళ్ళెవరూ మర్చిపోలేరు. నేనప్పుడు ఇంటరు మొదటి సంవత్సరం. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి దార్లు మూసుకుపోయాయి. మా ఊరి నర్సమ్మ స్కూలు వరండాలో బల్ల వేసుకు కూర్చుంది. ఏ నూతిలో బ్లీచింగు కలపాలో, ఏ నీళ్ళు కాచి తాగాలో ఆవిడ చెప్పిందే మాట. ప్రెసిడెంటు గారు కూడా "ఆయ్, అలాగేనమ్మా" అంటూ మనుషుల్ని పంపారు. ఆ ఊళ్ళో నర్సమ్మ మాట చెల్లింది ఆ పదిహేను రోజులే! నీళ్ళు తీసేశాక మళ్ళీ మామూలే.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ అంతే. పి.గన్నవరం వైపు లంకలు నీళ్ళల్లో ఉంటే, నెలలు నిండిన గర్భిణులెవరో, వాళ్ళని ఎప్పుడు గట్టుకి చేర్చాలో చెప్పగలిగింది ఏ.ఎన్.ఎం.ల దగ్గరున్న రిజిస్టర్లే. ఆపదొస్తే వాళ్ళ మాట కావాలి. ఆపద తీరాక అక్కర్లేదు!

ఇది మన దగ్గరే కాదట. ఫిజీ దీవులకి 1903 నుంచి మన తెలుగువాళ్ళూ చెరకు తోటల్లో కూలికి వెళ్ళారు. అక్కడి దక్షిణాది వాళ్ళ సంగం ఇప్పుడు లబాసా అనే ఊళ్ళో నర్సింగు స్కూలు నడుపుతోంది. ఆ దేశం నుంచి అనుభవమున్న నర్సులు ఎంతోమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళిపోతున్నారు. మిగిలిన పెద్ద నర్సు కొత్తవాళ్ళకి నేర్పడం, నేర్చుకున్నవాళ్ళు వెళ్ళిపోవడం! జీతం కోసమే వెళతారనుకుంటాం. మాట చెల్లని చోట మనిషి మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2016లో స్టాఫ్ నర్సుల్ని 'నర్సింగ్ ఆఫీసర్లు' అన్నారు. 1947 నాటి నర్సింగు కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త కమిషన్ చట్టం తెచ్చింది. సంతోషమే. పేరుతోపాటు వార్డుకి కావలసింది తెప్పించే అధికారం, పని చేయించే అధికారం, హెడ్ నర్సు కాబోయే ముందు కొన్నాళ్ళ శిక్షణ కూడా ఇస్తే కదా ఆ పేరుకి అర్థం!

డిశ్చార్జి రోజున సూపరింటెండెంటు గారికి ఒక కాగితం రాసిచ్చాను. ఫలానా వార్డులో రాత్రి ఒక్క సిస్టరే ఉంటోంది, ఇంకొకర్ని వెయ్యండి అని. హెడ్ నర్సు గారు అది చూసి, "ఇన్నేళ్ళలో నా మీద రాసినవాళ్ళే గానీ నా కోసం రాసినవాళ్ళు లేరమ్మా" అన్నారు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి ఇంటరు బైపీసీ పాసయింది. బీఎస్సీ నర్సింగు చదువుతానంటోంది. మా వారు "రాత్రి డ్యూటీలు, రేపు సంబంధాలు ఎలా?" అంటున్నారు. నేను ఇంటరు పాసయ్యాక నర్సు ట్రైనింగు ఫారం తెచ్చుకుంటే మా నాన్నగారు సరిగ్గా ఇదే మాటని దాన్ని అటక మీద పడేశారు. అప్పుడు నేను మాట్లాడలేదు.

మొన్న ఫారంలో చూస్తే 'తండ్రి లేక తల్లి సంతకం' అని ఉంది. నేనే పెట్టాను. మా వారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే కర్ర పట్టుకుని వరండాలోకొచ్చిన అత్తయ్యగారు, "ఒరేయ్, నన్ను నడిపించింది ఆ నర్సులేరా" అన్నారు. మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ కాదనలేదు.

మీరు కూడా ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్ళి కోపమొస్తే, నాలా ముందు నోరు చేసుకోకండి. 'అమ్మా, ఈ పూట మీరెంతమంది ఉన్నారు?' అని అడగండి. తర్వాత ఆ కోపాన్ని కాగితం మీద పెట్టి, ఇవ్వగలిగిన వాళ్ళకి ఇవ్వండి. తాళాలు మోసేవాళ్ళని తిట్టి లాభమేముంది చెప్పండి!