నల్లమల చీకట్లో చేతిలో టార్చి

శివరాత్రికి వారం ముందు ఆత్మకూరు బస్టాండు చుట్టుపక్కల అంగళ్ళ రూపే మారిపోతుంది. చెప్పుల కొట్టు ముందు కూడా ఓ బల్ల వేసేస్తారు. రుద్రాక్షమాలలు, చేతికర్రలు, నొప్పుల నూనెలు, మోకాలి పట్టీలు. వాటి పక్కనే కుప్పగా పోసిన టార్చిలైట్లు. వేలెడంత పొట్టివీ, మూరెడంత పొడుగువీ, తలకు కట్టుకునేవీ, పక్కనున్న గొట్టం వెలిగిస్తే చిన్న ట్యూబులైటు అయ్యేవీ... నూటయాభై నుంచి ఆరేడొందల దాకా. మా ఊళ్ళో టార్చిని టార్చి అనేవాళ్ళు కాదు, 'బ్యాటరీ' అనేవాళ్ళు. "ఒరేయ్, ఆ బ్యాటరీ ఇట్లా తే, పాము ఉన్నట్టుంది" అనేది మా తాత మాట. ఇక్కడా అదే మాట వినబడింది.

"ఏ బ్యాటరీ గావాలన్నా? ఇది సూడు, తొమ్మిదివేల తొమ్మిదొందల ఎంఏహెచ్. సిచ్చేసినావంటే శ్రీశైలం దాకా ఆరిపోదు" అన్నాడు అంగడి కుర్రాడు. సెల్లు మీద నిజంగానే 9900 అని ఎర్రటి అక్షరాల్లో ఉంది. ఆ అంకె సంగతి తర్వాత చెబుతాను.

మేం ఆరుగురం. ఆత్మకూరు నుంచి వెంకటాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట పట్టాం. ఇది పులుల అభయారణ్యం. మామూలు రోజుల్లో ఇటు అడుగుపెట్టనివ్వరు. శివరాత్రికీ, ఉగాదికీ మాత్రం దారి తెరుస్తారు. ఉగాదికి ఎక్కువగా కన్నడం మాట్లాడేవాళ్ళు వస్తారు, శివరాత్రికి మన సీమ జిల్లాల శివస్వాములు. శ్రీశైలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని చెబుతారు. ఈ దారిలో అరిగిపోయిన రాతిమెట్ల మీద కాలు పెట్టినప్పుడల్లా ఆయన పేరు ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉన్నారు.

అడవిలోకి వెళ్ళేచోట సంచులు తడిమి చూశారు. అగ్గిపెట్టెలు, బీడీలు, లైటర్లు తీసి పక్కన పెట్టేశారు. మంచి పనే. ఈ కాలంలో నల్లమల అంటే ఎండిన గడ్డీ, మోకాలి లోతు టేకాకూ. తిరుమాను, నల్లమద్ది ఆకులు కూడా రాలి, కాలు వేస్తే అప్పడాల చప్పుడు. ఒక్క నిప్పురవ్వ పడితే గుట్ట గుట్టంతా అంటుకుంటుంది.

వీరభద్రస్వామి గుడి ఉన్న నాగలూటి దాటేసరికి పొద్దు వాలింది. శివరాత్రి బహుళ చతుర్దశి కదా, దానికి ముందు రోజుల్లో చంద్రుడు తెల్లవారుజామున గానీ పైకి రాడు. ఉగాది నడకదీ అదే తంతు, అమావాస్య వెనకే వస్తుంది. అంటే ఏడాదికి రెండుసార్లు తెరిచే ఈ దారి రెండుసార్లూ చీకట్లోనే తెరుచుకుంటుంది. ఎండకు భయపడి జనం రాత్రిపూటే ఎక్కువ నడుస్తారు. వెనక్కి తిరిగి చూస్తే కొండ మలుపుల్లో లైట్ల వరస ముత్యాల దండలా కదులుతోంది. ఎదురొచ్చేవాళ్ళ తల లైటు కళ్ళల్లో కొడితే మాత్రం భక్తి కాసేపు పక్కకు పోతుంది.

పెచ్చెరువు ఓ చెంచుగూడెం. అక్కడ అన్నదానం పందిళ్ళు ఉంటాయి. మేం చేరేసరికి తెల్లారుతోంది. వేడి వేడి ఉప్మా తిని, చెట్ల కింద పడి పగలంతా నిద్రపోయాం. సాయంత్రం మళ్ళీ బయల్దేరాలి. ఒక పందిట్లో జనరేటరు పెట్టి, ఓ పొడుగాటి చెక్కకు వరసగా ప్లగ్గులు బిగించారు. వాటికి ముప్పైకి పైగా ఫోన్లు, టార్చిలు వేలాడుతున్నాయి. కింద చాప. చాప పక్కనే ఎండుటాకులు.

అందులో ఒక టార్చి ఓ ఇరవై ఏళ్ళ కుర్రాడిది. నున్నటి అల్యూమినియం గొట్టం, చూడ్డానికి గట్టిగా ఉంది. పోయినేడు ఇదే నడకకు కొన్నాడట. తిరిగొచ్చాక అటక మీద పెట్టేశాడు, మళ్ళీ మొన్ననే దించాడు. వెలగలేదు. గుంపులో ఓ పెద్దాయన, "సెల్లు సల్లబడింటాది నాయనా, ఎండకు పెట్టు, లేస్తాది" అన్నాడు. పాతకాలంలో మనందరం చేసిన పనే అది. రేడియో సెల్లులు అరుగు మీద వరసగా ఎండబెట్టి, ఓ రెండు రోజులు ఎక్కువ పాడించుకోని ఇల్లుందా? కుర్రాడు మధ్యాహ్నమంతా దాన్ని బండ మీద ఎండబెట్టాడు. ఆ తర్వాత తెచ్చి చార్జింగుకు తగిలించాడు.

గంట తర్వాత చిన్నగా బుస్సుమన్న చప్పుడు. పామనుకుని ఇద్దరు లేచి గెంతారు. చూస్తే టార్చి వెనక మూత దగ్గర్నుంచి తెల్లటి పొగ. ముక్కు పుటాలు మండించే ఘాటు వాసన. ఎవరో చెయ్యి చాపబోతే, "ముట్టుకోవద్దు సామీ! దూరం జరగండి. జనరేటరు ఆపండి ముందు" అని వెనక నుంచి గట్టిగా ఒక కేక. కర్నూల్లో కరెంటు స్కూటర్లు రిపేరు చేసే ఓ మెకానిక్, మాతోపాటే నడుస్తున్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే 'టప్' మని పేలింది. ముందు అద్దం ఎగిరి పందిరి గుంజకు తగిలింది. గొట్టంలోంచి మంట జెట్టులా వచ్చి చాప అంటుకుంది.

జనరేటరు ఆగింది. మెకానిక్ వంటవాళ్ళ పొడుగాటి గరిటెతో టార్చిని చాప మీంచి లాగి, పొయ్యిల దగ్గర ఆకు లేని నేల మీదికి నెట్టాడు. బిందెలకొద్దీ నీళ్ళు పోయించాడు. చాప సగం కాలింది, రెండు సంచులు పోయాయి. మనిషికి ఏమీ కాలేదు. చుట్టూ ఉన్న ఆకులు అంటుకోలేదు. మెకానిక్ అక్కణ్ణుంచి అరగంట సేపు కదల్లేదు. "చల్లారినట్టే ఉండి మళ్ళీ లేస్తది" అంటూ చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

"లిథియం మీద నీళ్ళు పొయ్యగూడదంటారే?" అని అడిగాను. "అది ఉత్త లోహం సంగతి సార్. ఇది లిథియం అయాన్. కరెంటు తీసేసినాక దీనికి నీళ్ళే మందు. మంట ఆర్పేదానికంటే వేడి దించేది ముఖ్యం" అన్నాడు.

ఆ రాత్రి మఠం బావి దాకా ఆయన పక్కనే నడిచాను. నాకు చాలా సందేహాలు తీరాయి. పాత టార్చిలో ఉండేది జింకు, కార్బను సెల్లు. దాన్ని ఎండబెట్టినా, రాయితో కొట్టినా, లోపలి నల్ల కడ్డీ పీకి గోడల మీద రాసుకున్నా పెద్ద ప్రమాదం లేదు. మహా అయితే కారి టార్చిని తుప్పు పట్టిస్తుంది. ఆ సెల్లుతో మూడు తరాలు నేర్చుకున్న అలవాట్లు మన చేతుల్లో ఉండిపోయాయి. సెల్లు మాత్రం మారిపోయింది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ సెల్లును మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు మన టార్చిల్లో ఎక్కువగా ఉండే సెల్లు పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. చూడ్డానికి పాత సెల్లుకు తమ్ముడిలానే ఉంటుంది. లోపల మాత్రం పల్చటి రేకుల చుట్ట, రేకుల మధ్య వెంట్రుక కంటే సన్నటి పొర, దాన్ని తడుపుతూ మండే గుణమున్న ద్రవం. ఆ పొర ఎక్కడైనా చిరిగిందా, సెల్లు తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడికి ఇంకా పొర కరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక ఆపడం ఎవరి వల్లా కాదు.

"మరి ఆ పిల్లోడిది ఎందుకు పేలింది?"

"ఏడాది అటక మీద పెట్నాడు గదా. ఈ సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు. రెండున్నర కంటే కిందికి పోనియ్యగూడదు. చవక టార్చిల్లో ఆ కాపలా ఉండదు. సున్నాకి పడిపోయినాక లోపల రాగి కరిగి యాడబడితే ఆడ పేరుకుంటది. మళ్ళీ చార్జింగు పెడితే అదే షార్టు. పైగా ఎండలో కాల్చినాడు. పొమ్మనక పొగ పెట్టినట్టే!"

అందరూ ప్లాస్టిక్ టార్చి నాసిరకం, అల్యూమినియంది గట్టిదని కొంటారు. సెల్లు మంచిదైతే అది నిజమే. సెల్లు చెడ్డదైతే ఆ గట్టిదనమే ముప్పు. నీళ్ళు దూరకుండా రబ్బరు రింగులు వేసి బిగించిన గొట్టంలో గ్యాసు పుడితే బయటికి దారి లేదు. అద్దమో మూతో తుపాకీ గుండులా ఎగరాలి. అందుకే టార్చి చేతిలో వేడిగా తగిలినా, బుసకొట్టినా మూత తిప్పి చూడకూడదు. ఆకు లేని బండ మీద పెట్టి దూరం జరగాలి. ఆ పొగ పీల్చకూడదు. అందులో హైడ్రోజన్ ఫ్లోరైడు ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

9900 అంకె గురించి చెబితే ఆయన నవ్వాడు. ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క. 18650 సైజులో పేరున్న కంపెనీలు ఇచ్చే మంచి సెల్లే 3500 దగ్గర ఉంటుంది. "లీటరు చెంబులో మూడు లీటర్ల పాలు పడ్తాయా సార్? అబద్ధపు అంకె ఉందంటే మిగతాదంతా అబద్ధమే" అన్నాడు. మంచి సెల్లు 45 గ్రాములకు పైగా తూగుతుంది. తేలిగ్గా ఉంటే లోపల చిన్న సెల్లు పెట్టి, చుట్టూ ఏదో పొడి నింపినదైనా కావచ్చు. మన దేశంలో ఈ సెల్లులకు ఐఎస్ 16046 అని ఒక ప్రమాణం ఉంది. బిఐఎస్ గుర్తు, దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆత్మకూరు అంగట్లో నేను తిప్పి చూసిన నాలుగింటిలో ఒక్కదాని మీదా అది కనబడలేదు.

మఠం బావి దగ్గర ఆగినప్పుడు ఆయన మా అందరి సంచులూ విప్పించాడు. మా గుంపులో ఓ స్వామి విడి సెల్లును ముడుపు చిల్లర ఉన్న సంచిలోనే వేశాడు. రూపాయి బిళ్ళలు రెండు కొసల్నీ కలిపితే చాలు, టార్చి లేకుండానే మంట. ఇంకొకాయన టార్చి పెట్టింది కర్పూరం డబ్బా పక్కన! నడకలో మీట నొక్కుకుపోతే, ఈ కొత్త ఎల్ఈడీల తలకాయ గుడ్డను మాడ్చేంత వేడెక్కుతుంది. కర్పూరానికి అంత వేడి కూడా అక్కర్లేదు. విడి సెల్లులకు కొసల మీద టేపు అంటించి ఉత్త ప్లాస్టిక్ డబ్బాలో వేయించాడు. టార్చి వెనక మూతను సగం చుట్టు వదులు చేయించాడు. చాలా టార్చిల్లో అలా చేస్తే మీట నొక్కినా వెలగదు. విమానాల్లో కూడా విడి లిథియం సెల్లుల్ని లగేజీలో వేయనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలంటారు. నిప్పు పుడితే కనబడాలని. ఇన్నాళ్ళూ అదేదో చాదస్తం అనుకునేవాణ్ణి.

భీముని కొలను లోయలోకి దిగడం, ఎదుటి కొండ మెట్లు ఎక్కడం ఈ దారి మొత్తంలో కష్టమైన ముక్క. గుంపుకు రెండు లైట్లు చాలన్నాడు మెకానిక్, ముందొకటి, వెనకొకటి. మిగతావి ఆపేశాం. మాకు దారి చూపిస్తూ పెచ్చెరువు నుంచి వచ్చిన చెంచు తాత దగ్గర అసలు లైటే లేదు. "లైటేస్తే లైటున్న కాడికే కనపడ్తాది" అన్నాడు. పది నిమిషాలకు కళ్ళు అలవాటు పడి, మెట్టు అంచులు, చెట్ల బోదెలు, లోయలో నీటి మెరుపు తెలిశాయి. ఎక్కడో కణుజు అరిచింది. కైలాసద్వారం చేరేసరికి తూర్పు తెల్లబడింది. సన్నటి చంద్రరేఖ కనబడగానే అందరూ 'హరహర మహాదేవ' అన్నారు. నాకైతే అప్పుడే శివుడి దర్శనం అయిపోయినట్టనిపించింది.

హఠకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరాక ఆ కుర్రాడు కాలిన గొట్టాన్ని చెత్తకుండీలో వేయబోయాడు. మెకానిక్ ఆపాడు. చెత్తను తగలబెడితే, బండి నలిపితే అందులో ఏం మిగిలుందో తెలియదట. పందిట్లో అడిగి తెచ్చుకున్న పాల డబ్బాలో ఇసక పోసి, గొట్టాన్ని అందులో పాతి, మూత వదులుగా పెట్టాడు.

"కర్నూలుకు తీస్కపోయి మా స్కూటర్ బ్యాటరీలతోబాటు తిరిగిచ్చేస్తా. కొత్త సెల్లులు అమ్మే కంపెనీలే పాతవి తీసుకోవాలని 2022లో రూలొచ్చింది" అన్నాడు.

"మరి నేనేం కొనుక్కోవాల అన్నా?" అని అడిగాడు కుర్రాడు.

"రెండు సెల్లుల పాత బ్యాటరీ కొనుక్కో. వెలుగు తక్కువే. అటక మీద పెట్టేముందు సెల్లులు తీసెయ్."