యానాం వీథుల్లో అడుగుజాడలు

మన యానాం గౌతమి ఒడ్డున చిన్న ఊరు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. 2002లో బాలయోగి వారధి తెరిచేదాకా ఎదుర్లంక వెళ్లాలంటే ఏరు పంటుమీద దాటవలసిందే. ఆ వారధి ఏ పటంలోనైనా కనబడుతుంది. గుడి వెనుక సందు మాటేమిటి?

ఒక సెలవునాడు మా ఆఫీసువాళ్లం నలుగురం ఫోనులో జీ.పీ.ఎస్. పెట్టుకొని, మీసాల వెంకన్న గుడినుంచి గౌతమి గట్టుదాకా సందులవెంట నడిచాము. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, మనమున్న చోటునూ వేళనూ ఫోను చుక్కచుక్కగా రాసుకుంటుంది. ఎత్తయిన మేడల నడుమ మాత్రం చుక్కలు పక్కకు తప్పుతాయి.

2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌కు ఆ జాడను పంపాము. ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చును. జాడ దానంతటది వీథి కాదు; దాన్ని చూసి ఎవరో ఒకరు గీత గీయాలి. వారికి ఆనవాలుగా ‘యానాం, కాలినడక, సందు’ అని గుర్తుమాటలు తగిలించాము. ఇంటి గుమ్మం దగ్గరి చుక్కలు ముందే తీసివేయడం మంచిది; మన రాకపోకల వేళలు కూడా అందులో ఉంటాయి గదా!

అసలు పని గీతకు పేరు పెట్టడం. తెలుగు పేరుకు అక్కడ వేరే చోటున్నది. పెద్దలు నోట పిలిచే పేర్లు చాలామట్టుకు ఏ బోర్డుమీదా లేవు. అవి వారితోనే పోతే ఏ ఉపగ్రహమూ తెచ్చి ఇవ్వలేదు. హోసూరులో, బరంపురంలో ఉన్న సోదరీ సోదరులారా, మీ తాతగారిని వెంటబెట్టుకొని ఒక్కసారి మీ వీథి నడిచి రండి.