కాగితం మీద మేమెవరము?

మా ఇల్లు షోలాపురం తూర్పు పేటలో ఉన్నది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచెలున్నవి. తాతల నాడు కరీంనగరం వైపు నుంచి బ్రతుకుతెరువుకు వచ్చిన కుటుంబం మాది. నూలు సావుకారుది, నేసిన టవలు సావుకారుది. సాంచె మాది, రెక్కల కష్టం మాది. బట్ట ఒప్పజెప్పి మజూరీ తెచ్చుకోవడమే మా వ్యాపారం. ముప్పది ఏండ్లుగా ఒక్కరే సావుకారు.

"మీరేం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే, "కూలికి నేస్తాము" అని ఒక్క ముక్కలో చెప్పేవారము. ఇప్పుడు అంత తేలిగ్గా చెప్పలేము. ఆదాయపు పన్ను వారి దృష్టిలో మేము కాంట్రాక్టుదారులము. అందుకే మా మజూరీలో నూటికి ఒక రూపాయి ముందే కోసుకొని, సావుకారు మా పేర జమ కడతాడు. జీఎస్టీ వారి దృష్టిలో మేము 'సేవ' చేసేవారము. ఒకరి సరుకు మీద మరొకరు చేసే పనిని ఆ చట్టం సేవ క్రిందనే లెక్కిస్తుంది. ఉద్యమ్ నమోదు కాగితంలో మేము సూక్ష్మ పరిశ్రమ. మనుషులము మేమే, సాంచెలు అవే. పేర్లు మాత్రం మూడు. పేరు ఏదైతేనేమి, నేత నేతే గదా అని చాలాకాలం అనుకొన్నాము. అది పొరపాటని రెండుసార్లు తెలిసివచ్చింది.

మొదటిసారి 2017లో. అంతకు ముందు సేవాపన్నులో జౌళి మజూరీ పనికి మినహాయింపు ఉండేది. ఆ ఏడు జూలై 1న జీఎస్టీ వచ్చి, మజూరీ నేత మీద నూటికి ఐదు పన్ను పడింది. అయితే ఏడాదికి 20 లక్షల లోపు పని చేసేవారు నమోదు కానక్కరలేదని చట్టమే చెప్పింది. మా పని అందులో సగానికి కూడా రాదు. కనుక మాకేమీ బాధ లేదని నిశ్చింతగా ఉన్నాము.

బాధ సావుకారు వైపు నుంచి వచ్చింది. నమోదు లేనివారి చేత పని చేయించుకొంటే, రోజుకు 5,000 దాటినప్పుడు ఆ పన్ను పని చేయించుకొన్నవాడే కట్టాలని అప్పట్లో ఒక నియమం ఉండేది. కట్టినది తరువాత జమకు వస్తుంది, నిజమే. కాని చేతి డబ్బు ముందు పోతుంది, బిల్లు తానే వ్రాసుకోవాలి, లెక్కలు పెరుగుతాయి. సావుకారు ఆషాఢంలో కబురుపెట్టి, "నంబరు ఉన్నవాళ్లకే నూలు ఇస్తాను, ఏమనుకోకండి" అన్నాడు. ఏమనుకొని ఏం లాభం? పరుగెత్తి నంబరు తీసుకొన్నాము.

నంబరు తీసుకొన్నాక 20 లక్షల మినహాయింపు మాకు వర్తించదు. అప్పట్లో ప్రతి నెలా రిటర్ను వేయవలసి ఉండేది; ఒకరోజు ఆలస్యమైతే రోజు లెక్కన రుసుము. లెక్కలు వ్రాసే ఆయనకు జీతం వేరే. ఇంతా చేస్తే, ఏ నియమానికి జడిసి నంబరు తీసుకొన్నామో ఆ నియమాన్ని 2017 అక్టోబరు 13న నిలిపివేశారు. మూడు నెలల ముచ్చట! సావుకారు ఆ సంగతి మరచిపోయాడు. మేము మాత్రం రెండేండ్లు రిటర్నులు వేసి, చివరకు 2019లో నంబరు రద్దు చేయించుకొన్నాము.

రెండవసారి 2024లో. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

చిన్న పరిశ్రమలవారి బాకీ గడువులోగా చెల్లించాలని 2006లోనే చట్టం ఉన్నది. వ్రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు, అదీ 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. చదవడానికి ఎంతో బాగుంటుంది. కాని నూలిచ్చే సావుకారు మీద ఏ నేతగాడు వడ్డీకి దావా వేస్తాడు? అందుకని ఆ చట్టం ఆల్మారాలో పట్టుచీర లాగ మడత విప్పకుండా ఉండిపోయింది. మా మజూరీ మాత్రం మూడు నెలలకో నాలుగు నెలలకో వచ్చేది.

2023 ఆర్థిక చట్టం దానిని ఆదాయపు పన్నుకు ముడివేసింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, 2023-24 లెక్కలకే వర్తించింది. గడువు దాటిపోయి, మార్చి 31 నాటికి ఇంకా చెల్లించని మజూరీ ఆ ఏటి ఖర్చులోకి రాదు. ఏనాడు చెల్లిస్తే ఆ ఏటి ఖర్చులోకి వస్తుంది. సావుకారు మాకు 2 లక్షలు బాకీ పెడితే, ఆ 2 లక్షలు అతని లాభంగానే లెక్కకు వస్తుంది. భాగస్వామ్య సంస్థకు నూటికి 30 చొప్పున 60,000 పైచిలుకు పన్ను ముందే కట్టుకోవాలి. మేము దావా వేయనక్కరలేదు. తన పన్నుకు తానే జడిసి చెల్లిస్తాడు. చట్టం చేసినవారి ఉద్దేశ్యం ఇదే.

ఆ ఫిబ్రవరిలో సావుకారు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ముప్పది ఏండ్లలో పెండ్లికీ చావుకూ తప్ప రాని మనిషి. చాయ్ త్రాగి, మెల్లగా అన్నాడు: "ఆ ఉద్యమ్ నంబరు రద్దు చేయించుకోండి. నంబరు లేనివాళ్లకు ఈ గడువు బాధ లేదంటున్నారు. లేకుంటే పని వేరే చోటికి మార్చక తప్పదు."

మాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. 2017లో నంబరు లేదని పని లేదన్నాడు. 2024లో నంబరు ఉన్నదని పని లేదంటున్నాడు. ఆ ఉద్యమ్ కాగితం 2021లో సాంచెల అప్పు కోసం తీసుకొన్నది. దానికి పైసా ఖర్చు కాలేదు. రద్దు చేస్తే గడువు హక్కు పోతుంది. రేపు బ్యాంకుకు మళ్లీ ఏ ముఖంతో పోవాలి?

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పెద్దవాళ్లము రద్దుకే మొగ్గాము. సాంచె ఆగితే నేతగాండ్లు నలుగురు వేరే షెడ్డుకు పోతారు. పోయినవాళ్లు తిరిగి రారు. కోడలు బి.కాం. చదివిన పిల్ల. "మామా, ఆయన భయం మన నంబరు గాదు, ఆయనకు రావలసిన డబ్బు. ఒక్కసారి నన్ను మాట్లాడనీయండి" అన్నది.

మరునాడు సావుకారు దుకాణానికి ఆమెను వెంటబెట్టుకొని పోయినాము. సావుకారు తన బాధ దాచుకోలేదు: "నా టవళ్లు కొన్నవాళ్లు నాకే నాలుగు నెలలకు ఇస్తున్నారు బిడ్డా, నేనెక్కడి నుంచి తెచ్చేది?"

"కాకా, మీరూ సరుకు తయారుచేయించే చిన్న పరిశ్రమే గదా. మీకూ ఉద్యమ్ నంబరు ఉన్నది గదా. అది మీ బిల్లు మీద అచ్చువేయించండి. అప్పుడు మీ దగ్గర కొన్నవాళ్లకూ ఇదే గడువు. ఇక మాతో ఒక ఒప్పందం వ్రాసుకోండి. నోటిమాట మీద ఉంటే మీకు 15 రోజులే, కాగితం ఉంటే 45."

సావుకారు చాలాసేపు ఊరకున్నాడు. ఆనాడు ఔననలేదు, కాదనలేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో మా ఎనిమిది సాంచెలలో మూడే ఆడినవి. నేతగాండ్లలో ఇద్దరు పోయినారు. ఒకరే తిరిగి వచ్చారు. ఆ రెండు నెలలు ఇంట్లో ఎవరమూ కోడలి ముఖం చూచి మాట్లాడలేదు. అది మా తప్పే, ఇక్కడ ఒప్పుకొంటున్నాము.

మే నెలలో సావుకారు స్టాంపు కాగితం పంపాడు. 45 రోజులని వ్రాసి ఉన్నది. అతని కొనుగోలుదారులలో కొందరు గడువుకు ఒప్పుకొన్నారట, ఒకరు సరుకే మానుకొన్నారట. అతనికీ దెబ్బ తగిలింది. ఆ యేడు నారళీ పౌర్ణమికి మార్కండేయ రథం వెంట నడుస్తూ, "మీ కోడలు నాకు లెక్క నేర్పింది" అని నలుగురిలో అన్నాడు. మేము తల వంచుకొని నడిచాము.

మనలో ఇట్లా ఒకరి సరుకు మీద పనిచేసేవారు ఎందరో ఉన్నారు. పని చేయించుకొనే సావుకార్లూ ఉన్నారు. వారితో మేము చెప్పదలచినది ఒక్కటే. నియమం మారినప్పుడు, ఆ బరువు మొదట సావుకారు నెత్తిన పడుతుంది. మరునాడు అతడు దానిని మన నెత్తిన దింపుతాడు. దుర్మార్గుడై కాదు, అదే దగ్గరి దారి కాబట్టి. అతను నంబరు తెమ్మన్నా, నంబరు తీసివేయమన్నా, ఆ రాత్రికే సంతకం పెట్టవద్దు. ఆ నంబరు మనకేమిస్తుందో, అతని భయమేమిటో రెండూ తెలుసుకొని, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చొని మాట్లాడుకోండి.

మొన్న బ్యాంకు కాగితంలో 'వృత్తి' అన్నచోట ఏమి వ్రాయాలని కోడలు అడిగింది. "కూలి నేత అని వ్రాయమ్మా" అన్నాము. ఆమె నవ్వి, "నేత అని వ్రాస్తాను మామా, అది చాలు" అన్నది.