పేరంటాలు థేమ్స్

సాహిత్య మిత్రులు కలిసినప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ మధ్య ఏం చదువుతున్నారు, డాక్టరుగారూ?" రావిశాస్త్రినో బుచ్చిబాబునో మళ్లీ తీశానంటే అందరూ తృప్తిగా తలలూపుతారు. లండన్ పోలీసు కానిస్టేబులు ఒకడు మంత్రవిద్య నేర్చుకునే నవలల వరుసలో తొమ్మిదోది పూర్తి చేశానంటే మాత్రం ఒక చిన్న నిశ్శబ్దం ఏర్పడుతుంది. ఆ తరువాత ఎవరో దయతలచి, "పిల్లల కోసమా?" అంటారు. నా కోసమే. ఇరవై ఏళ్లుగా నేను ఈ కోవ పుస్తకాలకు అభిమానిని. కొత్త భాగం వచ్చే తేదీ గుర్తుపెట్టుకుని, ఆ వారంలో రాత్రి డ్యూటీ పడకుండా చూసుకునేంతటి అభిమానిని.

ఇంగ్లీషులో దీన్ని అర్బన్ ఫాంటసీ అంటారు. ఇందులో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉండదు. మాంత్రికుడు మన వీధి చివర బస్టాపులో నిలబడి ఉంటాడు. యంగ్ అడల్ట్ పారానార్మల్ అనేది దీనికి చెల్లెలు వరస. అక్కడ కథ నడిపేవాళ్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. రెండింటి లక్షణమూ ఒకటే: బిల్లులు కట్టవలసిన, బళ్లకు వెళ్లవలసిన మామూలు లోకం ఎక్కడికీ పోదు. దాని గోడలో ఒక పగులు కనిపిస్తుంది, అంతే.

తెలుగువాడికి ఇది కొత్త రుచి కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు గోపకుమారుణ్ణి వెంటబెట్టుకుని కాశీకి నడుస్తూ, దిగిన ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. కథ లేకపోతే కుర్రవాడు నడవడు. ధారావాహికకు ఇంతకంటే సూటి అయిన నిర్వచనం నాకు తెలియదు. తరువాత 1947 జులైలో చందమామ వచ్చింది. తోకచుక్క మొదలుకొని భల్లూక మాంత్రికుడి దాకా, దాసరి సుబ్రహ్మణ్యంగారు తన పేరు వేసుకోకుండా రాసిన సీరియళ్ల కోసం ఎన్ని ఇళ్లలో అన్నదమ్ములు కొట్టుకున్నారో! ఇక మాయ పూర్తిగా నగరంలోకి దిగింది 1980ల ఆరంభంలో, ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళంతో. కాష్మోరా అన్న మాట అప్పట్లో మా బడిలో తెలియనివాడు లేడు. మూఢనమ్మకాన్ని పెంచుతోందని ఆ నవలను రంగనాయకమ్మగారు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శలోని న్యాయాన్ని నేను కాదనను. కానీ ఆ నవల్లో ఒక పసిపిల్ల మంచం చుట్టూ డాక్టర్లూ హిప్నాటిస్టులూ మంత్రగాళ్లూ ఒకే ఆత్రుతతో మూగి ఉండటం నా మనసులో నాటుకుపోయింది. శాస్త్రం చేయగలిగింది చేశాక కూడా మిగిలే భయం ఒకటి ఉంటుందని, వైద్యం చదవకముందే నాకు చెప్పిన పుస్తకం అది.

ఈ సాహిత్యానికీ నా వృత్తికీ ఉన్న చుట్టరికం పాతది. ఇంగ్లీషు వచనంలో తొలి రక్తపిశాచి కథ రాసినవాడు వైద్యుడే. జాన్ పాలిడోరి 1815లో, పంతొమ్మిదేళ్ల వయసుకే ఎడిన్‌బరోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. అతని పట్టా వ్యాసం నిద్రలో నడిచేవారి గురించి. మరుసటి ఏడు బైరన్ కవికి సొంత వైద్యుడుగా ఐరోపా వెళ్లాడు. 1819లో అతని కథ 'ది వాంపైర్' పత్రికలో అచ్చయింది, కానీ బైరన్ పేరు మీద. రెండేళ్లకు, ఇరవై అయిదేళ్ల వయసులో చనిపోయాడు. అతని పిశాచి మాత్రం చావలేదు.

1897 నాటి డ్రాక్యులాలో ఇద్దరు వైద్యులున్నారు. లూసీ అనే అమ్మాయి ప్రాణం నిలపడానికి వాళ్లు నలుగురు పురుషుల రక్తాన్ని వరుసగా ఎక్కిస్తారు. రక్తంలో వర్గాలున్నాయని లాండ్‌స్టైనర్ ప్రకటించింది 1901లో. కనుక ఆ ఘట్టం చదివినప్పుడల్లా, ఆ పిల్లను చంపింది పిశాచా, వైద్యమా అన్న సందేహం ఏ డాక్టరుకైనా రాక మానదు. సాహిత్య విమర్శకులకు ఈ సుఖం ఉండదు.

స్టెఫనీ మేయర్ ట్విలైట్ నాలుగు నవలలు 2005 నుంచి 2008 వరకు వచ్చాయి. వార్డులో నర్సులు చేతులు మార్చుకుంటూ చదువుతుంటే నేనూ అందుకున్నాను. వాక్యం పలచన. నిద్రపోతున్న అమ్మాయి గదిలోకి రాత్రిళ్లు చొరబడి చూస్తూ కూర్చునే ప్రియుణ్ణి ఆదర్శంగా చూపించడం ఇద్దరు బిడ్డల తండ్రిగా నాకు మింగుడుపడలేదు. అయినా ఆ పుస్తకాలు నన్ను పట్టుకున్నది కార్లైల్ కలెన్ వల్ల. పదిహేడో శతాబ్దపు లండన్‌లో మతబోధకుడి కొడుకుగా పుట్టి, పిశాచిగా మారి, శతాబ్దాల అభ్యాసంతో దాహాన్ని జయించి, చివరికి ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేస్తుంటాడు. రక్తమంటే ఆకలి ఉన్నవాడు రోజంతా రక్తం మధ్య నిలబడతాడు. హాస్యంగా తీసుకుంటే, నిద్ర అక్కరలేని వైద్యుడు ఏ ఆస్పత్రికైనా వరమే. కొంచెం ఆగి ఆలోచిస్తే, మా వృత్తికి అది ఉపమానం కూడా. ఎదుటివాడి బాధ మీద మనకొక ఆసక్తి ఉంటుంది. అరుదైన జబ్బు కనిపిస్తే కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపును అదుపులో పెట్టుకుని రోగి చేయి పట్టుకోవడమే జీవితమంతా నేర్చుకునే పాఠం.

ఇక నా అభిమాన వరుస. బెన్ ఆరోనోవిచ్ రాసిన రివర్స్ ఆఫ్ లండన్ 2011లో మొదలయింది. ఆయన అంతకుముందు డాక్టర్ హూ టీవీ కథలు రాశారు, పుస్తకాల దుకాణంలో పనిచేశారు. కథానాయకుడు పీటర్ గ్రాంట్ తల్లి సియెరా లియోన్ నుంచి వచ్చి ఆఫీసులు శుభ్రం చేసే మనిషి. తండ్రి జాజ్ వాద్యకారుడు. కోవెంట్ గార్డెన్‌లో ఒక హత్య జరిగిన రాత్రి కాపలా కాస్తున్న పీటర్‌కు సాక్షి దొరుకుతాడు, కానీ ఆ సాక్షి చనిపోయి శతాబ్దం దాటింది. పీటర్ జడుసుకోడు, నోటు పుస్తకం తీస్తాడు. మంత్రం వేస్తే సెల్‌ఫోన్లు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవడానికి దూరాలు కొలిచి, పట్టికలు గీస్తాడు. డాక్టర్ వాలిద్ అనే స్కాటిష్ జీర్ణకోశ నిపుణుడు, మంత్రం అతిగా వాడి పోయినవాళ్ల మెదళ్లను కోసి పరీక్షిస్తుంటాడు. నమ్మకం అడగకుండా పరిశీలన అడిగే మాయ ఇది. నాలాంటివాడు లొంగిపోక ఏం చేస్తాడు?

అయితే నన్ను కదిలించింది థేమ్స్ నది. 1858 వేసవిలో మురుగుతో నిండిన థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు అల్లాడింది. బాజల్జెట్ అనే ఇంజనీరు భూగర్భ మురుగు కాలువలు కట్టించింది ఆ తరువాతే. ఆరోనోవిచ్ కల్పనలో, ఆ కంపుకు రోసి నది పాత దేవుడు పైకి, టెడింగ్టన్ దాటి వెళ్లిపోతాడు. సముద్రపు పోటు తాకే లండన్ థేమ్స్‌కు దేవుడు లేకుండా పోతాడు. సుమారు వందేళ్ల తరువాత, 1950లలో, నైజీరియా నుంచి నర్సు చదువుకు వచ్చిన ఒక అమ్మాయి పరీక్ష తప్పుతుంది. ప్రేమించినవాడు వదిలేస్తాడు. నదిలో దూకుతుంది. నది ఆమెను చంపదు, ఖాళీగా ఉన్న పీఠం మీద కూర్చోబెడుతుంది. ఆమె మామా థేమ్స్. టైబర్న్, ఫ్లీట్, ఎఫ్రా వంటి ఉపనదులు ఆమె కూతుళ్లు. వాటిలో చాలా వరకు నేడు వీధుల కింద గొట్టాల్లో పారుతున్న నిజమైన ఏళ్లే.

ఇంగ్లీషు పాఠకుడికి ఇది చమత్కారం. మనకు మాత్రం ఈమె బాగా తెలిసిన మనిషి, పేరంటాలు. మన పల్లెల్లో అన్యాయంగా, అకాలంగా పోయిన ఆడపడుచుకు గుడి కడతారు. మున్నేరు ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి కథ అదే: అత్తింటి కష్టాలు పడి, భర్తను పోగొట్టుకుని, అగ్నిలో ప్రవేశించిందంటారు. బతికుండగా చోటివ్వని ఊరు, పోయాక పసుపు కుంకుమలతో కాళ్ల మీద పడుతుంది. ఆరోనోవిచ్‌కు తిరుపతమ్మ తెలిసి ఉండనక్కర లేదు. ఊళ్లూ నదులూ మనుషులూ ఉన్న చోట ఈ కథ పుట్టక తప్పదేమో.

ఆ పుటలు చదువుతూ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 2003లో ఈస్ట్ హామ్‌లో మూడు గదుల ఇంట్లో ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం. అందరం డాక్టర్లమే. ప్లాబ్ పరీక్ష పాసవాలి, ఉద్యోగం దొరకాలి. మధ్యాహ్నం గుడిలో భోజనం, రాత్రి పప్పుచారు. నా గదిలో ఉన్న గోదావరి జిల్లా మిత్రుడు రెండోసారి తప్పాడు. ఆ రాత్రి పన్నెండు దాటినా రాలేదు. ఒంటిగంటకు వచ్చాడు, బూట్ల నిండా బురద. "ఎక్కడికెళ్లావు గురూ?" అంటే, "ఊరికే, వూలిచ్ ఫెర్రీ రేవు దాకా నడిచాను" అన్నాడు. "ఏముందక్కడ?" "నీళ్లు" అన్నాడు. ఇంకేమీ అడగకుండా చారు వేడిచేసి అన్నం పెట్టాం. తెల్లవారేవరకు ఎవరో ఒకరం మెలకువగానే ఉన్నాం. నెలలోగా ఇండియా వెళ్లిపోయాడు. ఇవాళ వాళ్ల ఊళ్లో పిల్లల డాక్టరు, తీరిక లేని మనిషి. ఆ ఊళ్లో ఆయన పేరు చెబితే ఆటోవాడు కిరాయి తగ్గిస్తాడు. పరీక్షలు తప్పిన పరదేశి పిల్లను నగరదేవతను చేసిన రచయిత మీద నాకు ఎందుకంత ఆపేక్షో, ఆ ఇంట్లో ఉన్న ఎనిమిదిమందికీ విడమరచి చెప్పనక్కర లేదు.

పిల్లల వరుసల్లో నేను ముందుగా చేతికిచ్చేది జోనథన్ స్ట్రౌడ్ లాక్‌వుడ్ అండ్ కో. 2013 నుంచి 2017 వరకు అయిదు పుస్తకాలు. అందులోని ఇంగ్లండును అర్ధశతాబ్దంగా దయ్యాలు పీడిస్తున్నాయి. తాకితే ప్రాణం పోతుంది. అవి పిల్లలకే కనబడతాయి, వినబడతాయి. వయసు వచ్చేకొద్దీ ఆ శక్తి హరించుకుపోతుంది. అందుచేత పెద్దలు సూర్యాస్తమయానికే తలుపులు వేసుకుంటారు. పిల్లలు ఇనుప గొలుసులూ కత్తులూ పట్టుకుని రాత్రి కాపలాకు వెళతారు. కంపెనీల లాభం పెద్దలది, ప్రాణాపాయం పిల్లలది.

ఇది కల్పన అని ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు చెప్పకండి. తెల్లవారుజామున మూడింటికి వార్డులో ఉండేది మా కంటే ముప్ఫై ఏళ్లు చిన్నవాళ్లు. 2020 ఏప్రిల్‌లో, రెండేళ్ల క్రితమే పట్టా పుచ్చుకున్న ఒక అమ్మాయి మా జట్టులో ఉండేది. ఆమె సంచిలో లాక్‌వుడ్ మూడో భాగం చూసి మాట కలిపాను. ఇద్దరం అభిమానులమే. ఒక ఉదయం డ్యూటీ అప్పగించేటప్పుడు, మాటల మధ్యలో ఆమె ఆగిపోయింది. రాత్రి పోయిన పెద్దాయన వస్తువులు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టారట. సంచిలో ఆయన ఫోను మోగుతూనే ఉందట. తెర మీద 'ఇల్లు' అని కనబడుతోందట. "అందరూ వెళ్లిపోయాక కూడా నాకు వినబడుతోంది. మీకు వినబడటం లేదా?" అంది. లూసీ కార్లైల్ ఆ పుస్తకాల్లో అడిగే ప్రశ్న అదే. మేమిద్దరం మెట్ల మీద కూర్చుని ఆ రాత్రి సంగతి అంతా మాట్లాడుకున్నాం. జబ్బుల భాషలో ఆమెకు చెప్పడం చేతకాలేదు. దయ్యాల భాషలో చెప్పగలిగింది, నేను వినగలిగాను. తరువాత ఆమె వృత్తి విడిచిపెట్టలేదు. ఇప్పుడు తన కింద పనిచేసే పిల్లల్ని పొద్దున్నే "రాత్రి ఏం చూశారు?" అని అడుగుతుందని విన్నాను.

వీటి లోపాలు నాకు కనబడవని కాదు. మూడు భాగాల్లో ముగియవలసిన కథ పన్నెండుకు సాగుతుంది. చచ్చినవాడు అమ్మకాలను బట్టి మళ్లీ లేచి వస్తాడు. ప్రతి రెండో నవలలోనూ లోకం అంతమయ్యే ప్రమాదం వచ్చి, ఆదివారానికల్లా సర్దుకుంటుంది. అయినా మరణాన్నీ పరాయితనాన్నీ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించే సాహిత్యం ఏదైనా సరే, అట్ట మీద బొమ్మ చూసి తోసిపుచ్చదగినది కాదు.

నాకొక ఆశ మిగిలి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు, ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. నది కోపం చల్లార్చడానికి నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయంగా పసుపు కుంకుమలు సమర్పించాడని చెప్పుకుంటారు. నది ఉంది, చెట్టు ఉంది, పక్కనే రాత్రంతా దీపాలు వెలిగే ఆస్పత్రి ఉంది. ఆ వార్డులో నైట్ డ్యూటీ చేసే హౌస్ సర్జను ఒకమ్మాయి, మూడింటికి టీ తాగడానికి బయటికి వస్తే చెట్టు కింద ఎవరు కూర్చుని ఉంటారు? ఆ నవల తెలుగులో ఎవరైనా రాస్తే, మొదటి ప్రతికి డబ్బు ఇప్పుడే పంపుతాను.