బియ్యం మీద నింద

"డాక్టరుగారూ, మావాడికి గ్రెయిన్ పడదండీ."

ఈ మాట వినగానే నేనడిగేది ఒక్కటే: "మలం పరీక్ష చేయించారా?" చేయించరు. ఎవ్వరూ చేయించరు. నాలుగు కిలోల షిట్జూ కోసం నాలుగు కంపెనీల డ్రై ఫుడ్ కొంటారు, ఐదో కంపెనీ పేరు చెప్పమని నా దగ్గరికొస్తారు. ఆ బుల్లి ప్రాణి పేగుల్లో ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యం పైసా ఖర్చు లేకుండా రోజూ బయటపడుతూనే ఉంటుంది. దాన్ని మాత్రం ముక్కు మూసుకుని కవర్లో చుట్టి పారేసి వస్తారు.

ఒకప్పుడు హైదరాబాదులో చిన్న కుక్క అంటే పమేరియనే. ఇప్పుడు షిట్జూల కాలం. అపార్ట్‌మెంట్లో అరవదు, ఒళ్లో ఇముడుతుంది, ఫొటోలో బాగుంటుంది. దానికి కడుపు చెడితే ఇంటిల్లిపాదికీ నిద్ర చెడుతుంది. ఆ ప్రేమను నేను వెక్కిరించను. ఆ ప్రేమ ముందు పెట్ షాపుకెళ్లి, అక్కణ్ణుంచి ఇన్‌స్టాగ్రామ్‌కెళ్లి, ఆఖరున నా దగ్గరికి రావడమే నా బాధ.

కొండాపూర్ నుంచి వచ్చిన జంట ఒకటి ఉంది. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. వాళ్ల మఫిన్‌కి నెలల తరబడి మోషన్స్ పల్చగానే ఉన్నాయి, జిగురు కూడా పడుతోంది. ఏ తారీకున ఏ ఫుడ్, ఎన్ని గ్రాములు, ఎన్నిసార్లు మోషన్ అంటూ ఎక్సెల్ షీట్ తెచ్చారు. నా సర్వీసులో అంత చక్కటి కేసు హిస్టరీ ఏ జూనియర్ డాక్టరూ రాయలేదు. అందులో లేనిది మలం రిపోర్టొక్కటే. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే జియార్డియా. నీళ్ల ద్వారా, ఒళ్లు నాక్కోవడం ద్వారా కడుపులో చేరే ఏకకణ జీవి అది. ఫెన్‌బెండజోల్ 5 రోజులు, ఆఖరి రోజు స్నానం, నీళ్ల గిన్నె రోజూ కడగడం. అంతే వైద్యం. మఫిన్ మొదటి సంచీ ఫుడ్డే తిని కోలుకుంది. అందులో బియ్యమూ ఉంది, గోధుమా ఉంది.

ధాన్యం మీద ఈ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చనిపోయాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనం కలిపారని తేలింది. ప్రోటీను ఎక్కువున్నట్టు పరీక్షల్లో చూపించడానికి చేసిన కల్తీ. నేరం చేసింది కల్తీదారు, అపవాదు మోసింది గోధుమ. ఆ భయానికి తోడుగా "కుక్క అంటే తోడేలే, తోడేలు అన్నం తింటుందా?" అనే వాదం వచ్చింది. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. వేల ఏళ్లు మన గడపలో పడుండి, మన ఎంగిలి మెతుకులు తిని, కుక్క తన కడుపునే మార్చుకుంది. మనమేమో ఇప్పుడు దాన్ని మళ్లీ అడవికి పంపుతామంటున్నాం, అదీ ఏసీ గదిలోంచి.

అసలు ధాన్యం పడని కుక్కలే లేవా? ఉన్నాయి. ఐరిష్ సెట్టర్లలో గ్లూటెన్ పడని వంశాలున్నాయి, కొన్ని బోర్డర్ టెర్రియర్ల సంగతీ అంతే. కానీ ఆహారపు అలర్జీ నిర్ధారణైన కుక్కల కేసులు పోగుచేసి 2016లో లెక్క తీస్తే, గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, చికెన్ 15, గోధుమ 13. బియ్యం పేరు ఆ జాబితా అడుగున ఎక్కడో ఉంది.

ఈ లెక్క నాకు మాటిమాటికీ గుర్తుకు తెచ్చేది మలక్‌పేట యార్కీ, అంటే యార్క్‌షైర్ టెర్రియర్. చెవుల దురద, ఆగీ ఆగీ వచ్చే మోషన్స్. ఖరీదైన గ్రెయిన్ ఫ్రీ ఫుడ్ మీదే ఉంది, అయినా తగ్గలేదు. సంచీ వెనక చదివితే మొదటి పదార్థం చికెన్, రెండోది చికెన్ పొడి, మూడోది బఠాణీ. దొంగని ఇంట్లోనే పెట్టుకుని పక్కింటివాణ్ణి పోలీసులకి పట్టిచ్చారన్నమాట. ఎలిమినేషన్ డైట్ రాశాను: అది మునుపెన్నడూ తినని ఒకే ఒక మాంసం, ఒకే ఒక పిండిపదార్థం, 8 వారాలు, మధ్యలో ఇంకేదీ నోట్లో పడకూడదు. ఆ ఇంటి కోడలు తు.చ. తప్పకుండా పాటించింది. అయినా మూడో వారంలో మళ్లీ మొదటికొచ్చింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, వెంట వచ్చిన అత్తగారు మెల్లగా నోరు విప్పింది. "నేను కాఫీలో బిస్కెట్ ముంచుకుంటుంటే అది నా మొహంలోకే చూస్తుంది నాయనా. పసిబిడ్డని కూర్చోబెట్టి నేనొక్కదాన్నే ఎలా తిననూ?"

ఆవిడతో ఏం పోట్లాడతాం? "ఎన్నమ్మా?" అన్నాను. "పొద్దున రెండు, సాయంత్రం రెండు. చిన్నవేలే." నాలుగు కిలోల కుక్కకి రోజు మొత్తానికి కావలసింది సుమారు 300 కేలరీలు. నాలుగు బిస్కెట్లంటే వంద కేలరీలకు దగ్గర. రోజు తిండిలో దాదాపు మూడో వంతు, అందులో పాలపొడి అదనం. ఇంట్లో సంచీ మారుతోంది గానీ పెట్టే చెయ్యి మారడం లేదు. ఆవిడకి ఓ పని అప్పజెప్పాను: నేను రాసిచ్చిన గుమ్మడికాయ ముక్కలు ఉడికించి డబ్బాలో దగ్గర పెట్టుకుని, కాఫీ వేళకి ఆవిడే తినిపించాలి. ఈసారి 8 వారాలూ గడిచాయి. చికెన్ మళ్లీ పెట్టి చూస్తే దురద తిరిగొచ్చింది. అన్నం పెడితే ఏమీ కాలేదు.

ఇక ఆదివారం బిర్యానీ పెట్టి సోమవారం పొద్దున్నే పమేరియన్‌ని దుప్పట్లో చుట్టి తెచ్చేవాళ్ల గురించి ఎక్కువ రాస్తే నాకే బీపీ పెరుగుతుంది. నెయ్యి, మసాలా, మటన్ కొవ్వు. క్లోమం వాస్తుంది. కుక్క ముందుకాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తి, నొప్పికి వణుకుతుంది. "బిర్యానీలో రైస్ ఉంది కదండీ, అది పడలేదేమో" అన్నాడొకాయన. రైసేనట!

గ్రెయిన్ ఫ్రీ అంటే పిండిపదార్థం లేనిదనుకోవడం ఇంకో భ్రమ. ఆ గుళికలు విడిపోకుండా గట్టిగా ఉండాలంటే పిండి తప్పనిసరి. బియ్యం తీసేసిన చోట బఠాణీ, మసూర్ పప్పు, శనగలు, బంగాళాదుంప, కర్రపెండలం చేరతాయి. పప్పులు ఎక్కువైతే కడుపుబ్బరం మనుషులకే తప్పదు. అసలే కడుపు నాజూకైనదానికి సంచీ మార్చి పప్పు పెట్టి, ఇంట్లో గాలి బాగాలేదని నాకు ఫోన్ చేస్తారు.

ఉబ్బరంతో పోతే పర్వాలేదు. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. గుండె కండరం పల్చబడి, గుండె సాగిపోయే డీసీఎం జబ్బు సాధారణంగా డోబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతులది. అది మామూలుగా రాని జాతుల్లోనూ కనిపిస్తోందనీ, వాటిలో చాలా కుక్కలు పప్పుధాన్యాలతో చేసిన గ్రెయిన్ ఫ్రీ ఫుడ్ తింటున్నాయనీ దాని సారాంశం. 2019 ఏప్రిల్ నాటికి అలాంటి 500కి పైగా రిపోర్టులు చేరాయి. ఆ ఫుడ్డే కారణమని రుజువు కాలేదు. కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇక ప్రకటనలుండవని 2022లో ఎఫ్‌డీఏ చెప్పింది. రుజువు కాలేదంటే దోషం లేదని తేలినట్టూ కాదు. చిన్నప్పట్నుంచీ గ్రెయిన్ ఫ్రీ ఫుడ్డే తిన్న కాకర్ స్పానియల్ ఒకటి ఆయాసంతో నా దగ్గరికొచ్చింది. ఎకోలో గుండె సాగి ఉంది. ఫుడ్ మార్చి, గుండె మందులతో పాటు టారిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చాం. కొన్ని నెలలకి గుండె కొంత కుదుటపడింది. కాకర్లలో ఈ జబ్బు వేరే కారణాలతోనూ వస్తుంది కాబట్టి, ఫుడ్డే చేసిందని నేను ఒట్టేయలేను. అక్కర్లేని జాగ్రత్త కోసం ఈ అనుమానాన్ని కొనుక్కోవడమెందుకు అన్నదే నా గొడవ.

ఇదంతా ఇలా కోపంగా రాయడానికి కారణం ఒక పమేరియన్ కూన. డిగ్రీ చదివే అబ్బాయి, పార్ట్ టైమ్ డెలివరీ పని చేసి దాచిన డబ్బుతో కొనుక్కున్నాడు. అమ్మినతనే వాక్సిన్ అని సూదేశాడు. కార్డు మీద బ్యాచ్ నంబరు లేదు, స్టిక్కరు లేదు, ఒట్టి సంతకం. కూనకి వాంతులు, విరేచనాలు మొదలైతే షాపతను "ఫుడ్ పడలేదు, గ్రెయిన్ ఫ్రీ మార్చు" అన్నాడు. ఆ కుర్రాడు అప్పు చేసి సంచీ కొన్నాడు. కూన తినకపోతే నీళ్లలో నానబెట్టి వేలితో నోట్లో పెట్టాడు. నా బల్ల మీదికొచ్చేసరికి విరేచనంలో రక్తం, ఒళ్లు చల్లబడింది. కిట్‌లో రెండు గీతలు: పార్వో వైరస్. సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్, ఒళ్లు వెచ్చగా ఉంచడం, చేయగలిగింది చేశాం. తెల్లవారుజామున పోయింది.

ఆ అబ్బాయి ఏడవలేదు. "మొదటిరోజు నుంచే గ్రెయిన్ ఫ్రీ పెట్టుంటే బతికేదా సార్?" అనడిగాడు. ఎప్పుడూ తిట్టడానికి సిద్ధంగా ఉండే నా నోరు ఆ రోజు పెగల్లేదు. షాపతను దుర్మార్గుడేమీ కాదు, అతని దగ్గరున్న మందు సంచీ ఒక్కటే. అది వైద్యమనుకోవడం మనం నేర్చుకున్నది.

సరే, ఏం కొనాలంటారా? ముందు పురుగులు, జియార్డియా, వాక్సిన్, పేలు-గోమార్ల సంగతి తేల్చుకోండి. ఆ తర్వాత సంచీ వెనక చూడండి. దాని వయసుకి సంపూర్ణ, సమతులాహారమని రాసి ఉండాలి. కొవ్వు మితంగా ఉండాలి. బియ్యం ఉందని జడుసుకోకండి, కడుపు చెడ్డ కుక్కకి నేను మెత్తగా ఉడికించి పెట్టించేది అదే. అలాగని రోజూ ఉట్టి పెరుగన్నమే పెడితే కాల్షియానికీ ప్రోటీనుకీ లోటొస్తుంది. పాత ఫుడ్‌లో కొత్తది కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చండి. రాత్రికి రాత్రి మారిస్తే ఎంత మంచి ఫుడ్డుకైనా మోషన్స్ పడతాయి, ఆ నింద మళ్లీ బియ్యం నెత్తిన పడుతుంది. గోనెలోంచి తూచి ఇచ్చే లూజు ఫుడ్ వద్దు. వానాకాలంలో చిన్న ప్యాకెట్టే కొనండి, తెరిచాక మూత గట్టిగా పెట్టి నెలలోపు అవగొట్టండి.

మలం శాంపిలు తాజాది తెండి, వీలైతే మూడు వేర్వేరు రోజులవి, ఎందుకంటే జియార్డియా రోజూ కనబడదు. చెంచాడు చాలు. మొన్నొకాయన స్టీలు టిఫిన్ క్యారియర్‌లో మూడు గిన్నెలూ నింపుకుని, గిన్నెకో తారీకు అంటించి తెచ్చాడు. మా కాంపౌండరు లంచ్ అనుకుని లోపల పెట్టేశాడు.