ఫ్రీజర్‌లో చద్దిమూట

మా ఇంట్లో ఉదయం ఏడుగంటలకూ ఏడున్నరకూ మధ్యనున్న అరగంటను గురించి ఎవరైనా కావ్యం వ్రాయదలిస్తే, అందులో యుద్ధకాండ తప్ప మరొకటి ఉండదని చాలాకాలం అనుకునేవాణ్ణి. మేముండేది ఒహాయోలో. నా శ్రీమతికి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. ఆరుగంటలకే బయలుదేరి వెళ్ళిపోతుంది. పదేళ్ళ అమ్మాయినీ ఏడేళ్ళ అబ్బాయినీ నిద్రలేపి, తయారుచేసి, ఇంత తినిపించి, 7:35కి వీధి మలుపులో ఆగే పసుప్పచ్చ బస్సు ఎక్కించే బాధ్యత నాది. ఆ బస్సు ఎవరికోసమూ ఆగదు.

ఇంతటి హడావిడిలోనూ నాకొక పట్టుదల ఉండేది. పిల్లలకు పొద్దున్నే వేడివేడిగా అప్పటికప్పుడు చేసి పెట్టాలి. పెనం మీదనుంచి నేరుగా పళ్ళెంలోకి రాని వస్తువు ఫలహారమే కాదు. ఇది మా అమ్మ దగ్గర నేర్చిన పాఠం. గుంటూరులో నేను చదువుకునే రోజుల్లో అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేది. నేను పుస్తకాలు సర్దుకునే వేళకు పొగలు కక్కే ఇడ్లీయో, అట్టో, ఉప్మాయో సిద్ధంగా ఉండేది. నిన్నటిది ఇవాళ పెట్టిన జ్ఞాపకం నాకు లేదు. కనుక అట్లపిండి పులియబెట్టి, పొద్దున్నే పెనం ముందు నిలబడటం నా ధర్మమని భావించాను.

రెండేళ్ళ క్రితం ఒక జనవరి ఉదయం ఆ ధర్మం కాస్తా బెడిసికొట్టింది. బయట మంచు. మొదటి అట్టు పెనానికి అంటుకుపోయింది, రెండవది చిరిగింది. మావాడు ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండవది చేత్తో పట్టుకుని, కిటికీలోంచి మంచును చూస్తూ ఏదో అడుగుతున్నాడు. వాడేమడుగుతున్నాడో నేను వినలేదు. "ముందు తిను!" అని అరిచాను. తినడానికి పళ్ళెంలో ఏమీ లేదన్న సంగతి అరిచాకగాని స్ఫురించలేదు. ఇంతలో బస్సు వచ్చేసింది. వాడు ఏమీ తినకుండానే పరుగెత్తాడు. పదిన్నరకు బడినుంచి ఫోను. కడుపునొప్పి అంటున్నాడు, రెండు బిస్కట్లు పెట్టి కూర్చోబెట్టామని చెప్పారు. సాయంత్రం ఇంటికి రాగానే వాడన్న మాట, "రేపటినుంచి త్వరగా తింటాను నాన్నా, నువ్వు కోప్పడకు" అని. తప్పు చేసింది నేను. సంజాయిషీ చెప్పుకున్నది వాడు.

ఆ వారంలోనే ఈ గోడు ఆఫీసులో ఒక సహోద్యోగినితో వెళ్ళబోసుకున్నాను. ముగ్గురు పిల్లల తల్లి. ఆమె నవ్వి, "సోమవారం వంట సోమవారం చేస్తే ఎలా? ఆదివారం చేయాలి" అన్నది. ఆపైన చిన్న చిన్న పాన్‌కేకులను ఓవెన్‌లో కాల్చి దాచుకునే పద్ధతి వివరించింది.

పాన్‌కేకు అమెరికావారికి తీరికవేళల ఫలహారం. శని ఆదివారాల్లో పెనం మీద మూడేసి నాలుగేసి చొప్పున పోసి, బుడగలు వచ్చాక తిరగేసి, వెన్నా మేపుల్ పాకమూ వేసుకుని తింటారు. అట్టుకున్న ఇబ్బందే దీనికీ ఉంది. పోసేవారు నిలబడే ఉండాలి, తినేవారు వంతుకోసం కాచుకోవాలి. ఈ ఇబ్బంది కొత్తదీ కాదు. 1953లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో డోర్సా సోదరులు ముందే కాల్చి గడ్డకట్టించిన, తరువాత 'ఎగ్గో'గా పేరొందిన వాఫిళ్ళను అంగళ్ళకు తెచ్చారు. ఉదయం తీరికలేని ఇళ్ళు ఆనాడే ఎన్నో ఉండబట్టే కదా అవి అంతగా చెల్లాయి! పిల్లలు ఖాళీకడుపుతో బడికి రావడం అన్నిచోట్లా ఉన్న సమస్యే. అమెరికాలో బడులలో ఉదయపు ఫలహార పథకాన్ని 1966లో ప్రయోగంగా మొదలుపెట్టి 1975లో శాశ్వతం చేశారు. మనవైపు తమిళనాడు 2022లోనూ, తెలంగాణ 2023లోనూ ప్రభుత్వ బడులలో ఇలాంటి పథకాలు ప్రారంభించాయి. వాటి వెనుకనున్నది పేదరికం, మా ఇంట్లో ఉన్నది నా మొండితనం. రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. ఆకలి మాత్రం ఏ పిల్లవాడికైనా ఒకటే.

నా మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. పిండిని అట్లపిండిలాగా ఉండ లేకుండా చిలికాను. కాలిన తరువాత అవి రబ్బరు బంతుల్లా వచ్చాయి. మైదాను తడిపి ఎంత కలిపితే అందులోని గ్లూటెన్ అంతగా సాగి బిగుసుకుంటుందని ఆ తరువాత తెలిసింది. ఇంకా వెచ్చగా ఉండగానే సంచీలో వేసి ఫ్రీజర్‌లో పడేశాను. లోపలి ఆవిరి మంచుగా మారి, తెల్లవారేసరికి అన్నీ కలిసి ఒక్క బండరాయి అయ్యాయి. సుత్తి ఎక్కడుందని అడిగింది మా అమ్మాయి.

తప్పులన్నీ చేశాక కుదిరిన లెక్క ఇది. రెండు కప్పుల మైదాలో మూడు చిన్నచెంచాల బేకింగ్ పౌడరు, రెండు పెద్దచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలపాలి. వేరే గిన్నెలో రెండు గుడ్లు, కప్పున్నర పాలు, నాలుగు పెద్దచెంచాల కరిగిన వెన్న గిలకొట్టాలి. దీన్ని పిండిలో పోసి, పొడిపిండి కనబడకుండా పోయేంతవరకే గరిటెతో తిప్పి ఆపేయాలి. చిన్న చిన్న ఉండలు మిగిలినా బెంగలేదు. ఇరవైనాలుగు గుంతలుండే చిన్న మఫిన్ పళ్ళేలు రెండు తీసుకుని, గుంతలకు వెన్న రాసి, ఒక్కొక్కదానిలో సగం పైచిలుకు పిండి వేయాలి. పైన ఒక బ్లూబెర్రీయో, అరటిపండు ముక్కో పెట్టవచ్చు. 400 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 205 సెల్సియస్ వేడిలో పది పన్నెండు నిమిషాలు చాలు. ఒక్కసారికే నలభైకి పైగా వస్తాయి. ఇద్దరు పిల్లలకు రోజుకు నాలుగేసి చొప్పున ఐదురోజులకు సరిగ్గా నలభై!

బేకింగ్ పౌడరు పిండి తడవగానే కొంత వాయువును విడుదల చేసి, మిగిలినది వేడి తగిలాక విడుదల చేస్తుంది. అందుకే రెండవ పళ్ళెం తన వంతు కోసం పది నిమిషాలు ఆగినా చక్కగానే పొంగుతుంది. కాలినవాటిని జాలీ మీద పూర్తిగా చల్లార్చాలి. అలాగని బయట రెండుగంటలకు మించి ఉంచకూడదు. పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి ఫ్రీజర్‌లో గంటో రెండుగంటలో ఉంచి, గట్టిపడ్డాక సంచీలో వేస్తే విడివిడిగా ఉంటాయి. ఫ్రీజర్ ఎందుకు, ఫ్రిజ్ చాలదా అంటే, గడ్డకట్టీ కట్టని ఆ చల్లదనంలోనే పిండిపదార్థం త్వరగా బిరుసెక్కుతుంది. గడ్డకడితే ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. ఉదయం తడి కాగితపు రుమాలు కప్పి మైక్రోవేవ్‌లో అరనిమిషం, మహా అయితే నలభై సెకన్లు. అంతకుమించితే మళ్ళీ రబ్బరు బంతులే.

ఆ మఫిన్ పళ్ళేన్ని మొదటిసారి చూసినపుడు మా ఆవిడ, "ఇది మా పొంగణాల పెనమే కదా, కాళ్ళు లేవంతే" అన్నది. ఆమెది కర్నూలు. పెళ్ళైన కొత్తలో పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇనుప గుంతపెనం ఇప్పటికీ మా అలమరలో ఉంది. వాళ్ళింట్లో నిన్న మిగిలి పులిసిన దోసెపిండిలోనే ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి పొంగణాలు పోసేవారట. నాకు కొత్తగా దొరికిన విద్య ఆమె పుట్టింటివారికి పాతదేనన్నమాట.

ఇక ఉదయాల సంగతి. మొదటి సోమవారం పళ్ళేలు బల్లమీద పెట్టి చూస్తే గడియారంలో ఏడూ ఐదు. చేయవలసిన పని ఏమీ లేదు! ఏం చేయాలో తోచక నేను కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పిల్లలు తింటూండగా వారి ఎదుట కూర్చోవడం బడిరోజుల్లో అదే మొదలు. మా అమ్మాయి లెక్కల పరీక్షకు భయపడుతోందని ఆరోజే తెలిసింది. మావాడు పాన్‌కేకును ముందు అంచులు కొరికి, నడుమనున్న పండును చివరికి దాచుకుంటాడనీ ఆరోజే తెలిసింది. ఆ జనవరి ఉదయాన వాడు కిటికీ దగ్గర అడిగిన ప్రశ్న ఏమిటని అడిగాను. "మంచు పడేటప్పుడు చప్పుడెందుకు రాదు?" అన్నది వాడి ప్రశ్న. వాన చినుకుకన్నా అది తేలిక, మెల్లగా దిగుతుంది, పైగా నేలమీద పరచుకున్న మెత్తటి మంచు చప్పుళ్ళను పీల్చుకుంటుంది అని చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. ఆనాడు ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేకపోయాయి.

గత ఆగస్టులో అమ్మ మా దగ్గరకు వచ్చింది. బడులు తెరిచిన మొదటిరోజు ఉదయం వంటింట్లోకి వచ్చి, ఫ్రీజర్‌లోంచి సంచీ తీస్తున్న నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏమిట్రా అది?"

"పిల్లల ఫలహారమమ్మా. మొన్న ఆదివారం చేసి పెట్టాను."

"మొన్నటిదా! పసిపిల్లలకు చద్ది పెడుతున్నావట్రా?"

నాకు కొంచెం రోషం వచ్చింది. "నీలాగా నాలుగున్నరకు లేచి చేయడం నావల్ల కాదమ్మా. నువ్వు ఏనాడూ మాకు చద్ది పెట్టలేదు, నిజమే" అన్నాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. "పెట్టలేదా? మూడో క్లాసుదాకా నువ్వు తిన్నది చద్దన్నమే కదరా! మర్చిపోయావా?"

నిజంగానే మరిచిపోయాను. అమ్మ చెబుతూంటే ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మా నాయనమ్మ రాత్రి మిగిలిన అన్నంలో పాలుపోసి తోడుపెట్టేది. పొద్దున్నే ఆ అన్నంలో ఉప్పూ ఉల్లిపాయా ఆవకాయబద్దా వేసుకుని అరుగుమీద కూర్చుని తినేవాళ్ళం. పొయ్యి అంటించే పనిలేదు గనుక నాయనమ్మ మా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. గుంటూరు వచ్చి ఇంగ్లీషు మీడియం బడిలో చేరాక, పొద్దున ఏం తిన్నావని ఎవరో అడిగితే చద్దన్నమని చెప్పాను. తరగతి అంతా నవ్వింది. ఇంటికి వచ్చి ఏడ్చి, ఇక చద్దన్నం ముట్టనని మంకుపట్టు పట్టానట.

"ఆ రాత్రే పప్పు నానబోశాను" అన్నది అమ్మ. "అప్పట్లో గ్రైండరెక్కడిది? రుబ్బురోలే. నీ పదో క్లాసు అయ్యేదాకా అలాగే రుబ్బాను."

అంటే ఏడేళ్ళు. అమ్మ నాలుగున్నరకు లేవడం ఆమె స్వభావమనీ, ఆమె సిద్ధాంతమనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను. దానికి కారణం నేను. నేను ధర్మమని తలకెత్తుకున్నది, తొమ్మిదేళ్ళ వయసులో నేను పడిన సిగ్గు.

అమ్మ బల్లదగ్గర కూర్చున్న పిల్లలవైపు చాలాసేపు చూసింది. తరువాత మెల్లగా, "నువ్వు తింటూంటే చూసే తీరికే నాకు ఉండేది కాదురా. నువ్వు చూసిందీ నా వీపే" అన్నది. అందులో నిష్ఠూరం లేదు. ఒక సంగతి చెప్పినట్లుగా చెప్పి, మనవడి పక్కన కుర్చీలో కూర్చుంది.

చద్ది మనకు చిన్నతనం ఎప్పటినుంచి అయింది? పోతనగారి భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలకులతో కలిసి చల్దులు ఆరగించే ఘట్టం తెలుగువారికి ఎంత ప్రీతిపాత్రమో చెప్పనక్కరలేదు. ఆ పిల్లలు ఇళ్ళనుంచి తెచ్చుకున్నది ముందే వండి మూటగట్టినదే. గంజిలో అన్నం పులియబెట్టే తరవాణి కుండ కోస్తా జిల్లాల్లో ఎన్నో ఇళ్ళలో ఉండేది. పెద్దల మాట చద్దిమూట అని సామెత కూడా చెప్పుకున్నాం. పొలానికి పోయేవాడికైనా బడికి పోయేవాడికైనా పొద్దున్నే కావలసింది చేతికందే తిండీ, చెంత ఒక మనిషీ. వేడిగా ఉంటే మంచిదే. కానీ ఆ వేడికోసం మనిషిని పొయ్యిదగ్గర కట్టిపడేస్తే పిల్లలకు మిగిలేది వీపే.

ఆ ఆదివారం అమ్మ నా పక్కన నిలబడి పర్యవేక్షణ సాగించింది. ఆమె గుడ్డు తినదు గనుక ఒక పళ్ళేనికి గుడ్లకు బదులు బాగా మగ్గిన అరటిపండు మెదిపి వేశాను. ఒకటి నోట్లో వేసుకుని, "మరీ మైదా ఏమిట్రా, సగం గోధుమపిండి పొయ్యి. చక్కెర మానేసి బెల్లం తరుగు వెయ్యి. కాస్త ఏలకులపొడి" అన్నది. గోధుమపిండి నీరు ఎక్కువ పీలుస్తుంది గనుక పాలు రెండు మూడు చెంచాలు పెంచవలసి వచ్చింది. పిల్లలిద్దరూ ఇప్పుడు అవే కావాలంటున్నారు. వాటికి మావాడు పెట్టిన పేరు 'నానమ్మ చద్ది'. బడిలో కూడా అదే పేరు చెప్పాడట. ఎవరూ నవ్వలేదట. ఒకడు మాత్రం రుచి చూస్తానని రెండు పుచ్చుకున్నాడట.

అమ్మ నవంబరులో తిరిగి వెళ్ళిపోయింది. ఆదివారం రాత్రి ఫోనులో అందరి క్షేమాలూ అడిగాక, పెట్టేసేముందు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తుంది: "రేపటికి చద్ది ఉందా?"

"ఉందమ్మా."

"సరే, పడుకో. పొద్దున్నే లేవక్కర్లేదు."