అరుగుమీది కారు వాదములు

పూర్వము మన పల్లెలలో మగవారు నలుగురు కూడినచో ఎడ్లజతల ప్రసంగము వచ్చుచుండెను. ఒంగోలు కోడె మూపురమెట్టిది, ఏ జత ఇసుకలో బరువుబండిని లాగగలదు, ఎవరి గిత్త బెదరుగొడ్డు అను విషయములపై ప్రొద్దుగ్రుంకువరకు వాదించెడివారు. నేడు ఎడ్లు పోయి కార్లు వచ్చినవి గాని వాదించువారి కంఠస్వరమున భేదమేమియు కానరాదు. ఒక్కటి మాత్రము చెప్పవలెను. ఎడ్లను గూర్చి మాటాడిన రైతు వానికి ప్రతిదినము కుడితి పెట్టినవాడు. కార్లను గూర్చి గట్టిగా మాటాడువారిలో పెక్కుమంది తమ కారు టైర్లలో గాలి యెంత యుండవలెనో యెరుగరు. ఆ సంఖ్యను డ్రైవరు తలుపు దాపున చిన్న కాగితముపై అచ్చువేసి యంటించియే యుందురు.

మాది కాకినాడ. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పి ఉద్యోగవిరమణ చేసితిని. ఆదివారము సాయంకాలము మా యింటి అరుగుమీద మా బావగారు, మా తమ్ముడు, వాని కుమారుడు కూడుదురు. బావగారిది అంబాసిడరు పక్షము. తమ్మునిది మారుతి పక్షము. మేనల్లుడు ఏ పక్షమునకును చెందక, నిన్న మొన్న వచ్చిన కారెల్ల తన పక్షమే యనును. నేను కాఫీ యిచ్చి లోపలికి పోవలసినదానను గాని, 1996వ సంవత్సరము నుండి కారు నడుపుచున్నదానను గనుక పోక అచ్చటనే కూర్చుందును.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు మనదేశపు రూపము. 1950ల చివరినుండి 2014 మే నెల వరకు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో తయారయ్యెను. దాని వెనుక సీటు సోఫావలె నుండెడిది. వెనుకటి వానిలో గేరు కఱ్ఱ స్టీరింగు ప్రక్కన నుండుటచే ముందు సీటున ముగ్గురు కూర్చుండెడివారు. ఏ యూరిలో చెడిపోయినను ఆ యూరి మేస్త్రీ బాగుచేయగలిగెడివాడు. ఇవన్నియు నిజమే. అయితే చలికాలపు ఉదయమున అది కదలుటకు చేసెడి మారాము, మలుపులలో స్టీరింగు త్రిప్పలేక చేతులు పడిన పాటు బావగారి జ్ఞాపకమునుండి ఎట్లు తొలగిపోయినవో నాకు తెలియదు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి కారు తాళములను కొన్నవాని చేతికిచ్చినది. మూడు సిలిండర్లు, 796 సీసీల యింజను, సుమారు 650 కిలోల బరువు. బావగారు దానిని "అగ్గిపెట్టె" అనెడివారు. ఆ అగ్గిపెట్టె తాళము త్రిప్పగనే కదలెడిది. స్టీరింగు తేలిక, క్లచ్చి తేలిక. అంతకుముందు మా బంధువర్గమున కారు నడిపిన స్త్రీ యొక్కతెయు లేదు. ఆ కారు వచ్చిన పదునైదేండ్లలో ఆరుగురము నేర్చుకొంటిమి. ఒక యంత్రము తేలికయగుట సంఘమునందు ఎంత మార్పు తేగలదో ఉపన్యాసములు విని కాక ఆ క్లచ్చిని త్రొక్కి నేను తెలిసికొంటిని.

అంతకుముందటి రోజులలో ఈ వాదములకే తావులేదు. కారు కావలెనన్నవారు పేరు వ్రాయించుకొని సంవత్సరములు వేచియుండెడివారు. ఏది మంచిదను ప్రశ్న లేదు. ఏది దొరకునన్నదే ప్రశ్న. వింత యేమనగా మారుతి 800 కూడ ఆ 2014వ సంవత్సరపు జనవరిలోనే నిలిచిపోయెను. ఇరుపక్షముల దైవములును ఒకే యేట అస్తమించినవి. వాదము మాత్రము నిత్యముగా నున్నది.

మేనల్లుని వాదము వేరు. వానికి అశ్వశక్తి ప్రధానము. "సున్నా నుంచి వందకి తొమ్మిది సెకన్లు, అత్తా!" అనును. మా వీధి మొదటనుండి పెద్దరోడ్డువరకు ఆటోలు, గేదెలు, కొబ్బరిబొండముల బండి, బడి విడిచిన పిల్లలు. నూరు కిలోమీటర్ల వేగమునకు తొమ్మిది సెకండ్లలో చేరి వాడేమి చేయును? నేను వానిని మరియొక ప్రశ్న యడిగితిని: నూటినుండి సున్నకు రావలెనన్న ఎంత దూరము కావలెను? వాడు చెప్పలేకపోయెను. పలక మీద లెక్కవేసి చూపితిని. గంటకు నూరు కిలోమీటర్లనగా సెకండునకు ఇంచుమించు 28 మీటర్లు. అడ్డము వచ్చినదానిని చూచి కాలు బ్రేకుమీదికి పోవునంతలో ఒక సెకండు, అనగా 28 మీటర్లు గడచిపోవును. పొడిరోడ్డు, మంచి టైర్లు ఉన్నను తరువాత నిలుచుటకు మరి 55 మీటర్లు. మొత్తము 83. ఏబది వేగమున నైతే ముందు 14, వెనుక 14, మొత్తము 28. వేగము రెండింతలైన బ్రేకుదూరము నాలుగింతలగును. ఇది తొమ్మిదవ తరగతి పాఠమే. వాడు నా దగ్గరనే చదివినాడు.

అయినను వాని మాటలో సారము లేకపోలేదు. శక్తి వేరు, త్రిప్పుబలము వేరు అని వాడే బావగారికి చక్కగా బోధించెను. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడే త్రిప్పుబలము చాలినంత యున్న కారు, అయిదుగురు కూర్చుండి ఏసీ వేసికొని అరకు ఘాటు ఎక్కునపుడు గేరు మాటిమాటికి మార్చు పని లేకుండ ఎక్కును. కాగితము మీద అశ్వశక్తి యెక్కువగా నున్నను, ఇంజను గిరగిర తిరిగిననే తప్ప ఆ శక్తి రానిచో, మలుపులో వెనుకకు జారునేమోయని గుండె కొట్టుకొనును. మైలేజిని గూర్చిన తగవు ఇంతకంటె చిన్నది: కంపెనీవారి సంఖ్య పరీక్షాశాలది, మన సంఖ్య మన వీధిది. ట్యాంకు నిండ పోయించి, తిరిగి, మరల నిండ పోయించి భాగహారము చేసినవాని మాట నమ్మవచ్చును.

క్రిందటి సంవత్సరము మా అమ్మాయి విశాఖపట్టణములో ఉద్యోగములో కుదురుకొని, తాను కూడబెట్టిన సొమ్ముతో కారు కొందునని వ్రాసినది. ఆ ఆదివారము అరుగు నిండినది. ఏ కారు కొనవలెనో ముగ్గురును మూడు విధములుగా నిర్ణయించిరి. దానినెవ్వరును అడుగలేదు. అది స్తంభమునకానుకొని వినుచుండెను. బావగారు తుదకు "ఆడపిల్లకి చిన్న కారు చాలదుటే? ఇంతకీ తొందరేముంది? రేపు పెళ్లిలో ఎలాగూ ఇవ్వాల్సిందే కదా, అప్పుడు అబ్బాయికి నచ్చింది పెద్దదే కొందాం" అనిరి. మరునాడే ఒక సంబంధము మధ్యవర్తి ఫోనుచేసి, కారు ఎట్లును కొనుచున్నారు గావున వరుని పేర రిజిస్టరు చేయించిన శుభముగా నుండునని సెలవిచ్చెను. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. అది వచ్చిన పిమ్మట కట్నము పేరు మార్చుకొన్నదే గాని యిల్లు మారలేదు. నాలుగు చక్రముల మీద వచ్చిన కట్నమును మనము బహుమానమందుము. అశ్వశక్తిని గూర్చి అంత సూక్ష్మముగా వాదించు పెద్దమనుష్యులు ఆ అశ్వమెవరి సొత్తను ప్రశ్నకడ ఒక్కసారిగా మౌనము వహింతురు. ఆ సంబంధమును మేము సాగనీయలేదు.

అమ్మాయి పెదతండ్రికి కోపము లేకయే బదులు చెప్పినది. "పెదనాన్నా, మొట్టమొదట కారులో దూరప్రయాణం చేసింది ఎవరో తెలుసా?" అని బెర్తా బెంజి కథ చెప్పెను. ఆమె భర్త కార్లు బెంజి 1886లో తన మోటారుబండికి హక్కుపత్రము పొందెను గాని దానిని కొనువారు లేరు. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైము నుండి ఫోర్త్స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా నడిపినది. దారిలో మందుల దుకాణములో ఇంధనము కొన్నది. గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో పొడిచి తెరచినది. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు కొట్టించినది. కొండలెక్కునపుడు పిల్లలు దిగి త్రోయవలసివచ్చెను. ఆమె తిరిగివచ్చి చెప్పినమీదట బెంజి ఇంకొక గేరు చేర్చెను. కారు నడిపినవారి అనుభవము వలన కారు నిర్మాణము మారుట ఆనాడే, ఒక స్త్రీవలననే మొదలైనది. బావగారు "మేస్త్రీ పని కూడా చేసిందన్నమాట" అని యూరకుండిరి. అది ఆయన మెచ్చుకోలు.

తరువాత దుకాణములకు నేను, అమ్మాయి పోతిమి. దాని యెత్తు అయిదడుగుల ఒక యంగుళము. సీటును కాళ్లు అందునట్లు ముందుకు జరుపుకొనిన స్టీరింగు ఱొమ్మునకు చేరువగును. ఒక కారులో సీటు ఎత్తు మార్చు వీలు లేక ముందుభాగపు అంచు కనబడలేదు. మరియొకదానిలో అద్దము ప్రక్కనున్న లావుపాటి స్తంభము మలుపులోని మనిషినే మఱుగుపరచుచుండెను. వేరొకదానిలో బెల్టు భుజముమీద గాక మెడమీద పడెను. అమ్మువాడు ఇవి వినక తెరవంటి పెద్ద ఫలకమును, కప్పున తెరచుకొను కిటికీని చూపుచుండెను. ఇవి చిన్న విషయములు కావు. గ్రుద్దుకొను పరీక్షలలో పెక్కేండ్లుగా కూర్చుండబెట్టుచున్న బొమ్మ 1976 నాటిది. దాని యెత్తు 175 సెంటీమీటర్లు, బరువు సుమారు 78 కిలోలు. అనగా అది మగబొమ్మ. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, బెల్టు పెట్టుకొని నడుపువారిలో తీవ్రగాయముల సంభావ్యత పురుషులకంటె స్త్రీలకు 47 శాతము హెచ్చని తేలినది. "ఆడవారి కారు" అని రంగు మార్చి అమ్మువారు ఈ లెక్క నెక్కడను అచ్చువేయరు.

బావగారు మాత్రము తలుపును వేలితో కొట్టి రేకు మందమును పరీక్షింతురు. తమ అంబాసిడరు ఒకమారు బండిని గ్రుద్దినను బంపరునకు నొక్కయినను పడలేదని చెప్పుచుందురు. బంపరున కేమియు కాలేదు, లోపలివారికేమగునన్నది ప్రశ్న. ముందుభాగము నలిగినచో ఆ నలుగుటలో కొంతకాలము గడచి, దెబ్బలోని బలమును అది మ్రింగును. మనుష్యులు కూర్చుండు గది మాత్రము నలుగరాదు. బేలా బారెన్యి యను ఇంజనీరు చేసిన ఈ యాలోచనను 1959లో మెర్సిడెస్ వారు అమ్మకపు కార్లలో ప్రవేశపెట్టిరి. ఆ సంవత్సరమే స్వీడనులోని వోల్వోవారి కడ నిల్స్ బోలిన్ నేటి మూడుకొసల బెల్టును కనిపెట్టెను. వానితో పోల్చిన అంబాసిడరు అంతకు ముందటి యుగపు బండి. నలగనిది గట్టిదనుకొనుట ఇనుపపెట్టెకు చెల్లును గాని కారునకు చెల్లదు.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు మనదేశమున అమ్ముచున్న అయిదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున గ్రుద్దించి చూచిరి. గాలిసంచులు లేని ఆ యయిదింటికిని పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమైన రాలేదు. వానిలో ఒక్కటైన పోలో కారునే రెండు గాలిసంచులతో పరీక్షింపగా నాలుగు నక్షత్రములు వచ్చెను. ఆ కాలమున గాలిసంచి వలదని, ఆ సొమ్ముతో పాటలపెట్టెయు సీటుకవర్లును వేయించుకొన్నవారిని నేనెరుగుదును. డ్రైవరునకు గాలిసంచి తప్పనిసరియైనది 2019 జూలైలో. మన ప్రభుత్వమువారి నక్షత్రపరీక్ష 2023లో ఆరంభమైనది. అమ్మాయి ఆ పట్టికలు చదివి, తన యెత్తునకు సరిపడినది చూచి, ఒకటి కొన్నది. పేరు వ్రాయను, ప్రకటనవలె నుండును.

కొన్నతరువాత వచ్చిన చిక్కు మా అత్తగారిది. ఆమెకు ఎనుబదిరెండేండ్లు, మోకాళ్ల నొప్పులు. నేలకు చాల ఎత్తైన కారునకు ఆమె యెక్కలేదు. మరీ క్రిందుగా నున్నదానినుండి లేవలేదు. నడుము ఎత్తున సీటుండి, ఆమె వెనుకకు తిరిగి కూర్చుండి పిదప కాళ్లు లోపలికి తీసికొనగలుగునది కావలెను. ఎన్ని కారుచర్చలు విన్నను ఈ కొలతను గూర్చి మాటాడిన మగవాని నొక్కని చూడలేదు. ఇక బెల్టు. వెనుక కూర్చున్నవారును పెట్టుకొనవలెనని చట్టమున్నది గాని మన యిండ్లలో అది డ్రైవరు ధరించు ఆభరణము. వెనుక సీటు బెల్టుల కొక్కెములను సీటుకవరు క్రింద కప్పివేయుట మామూలు. మా కారునకును అమ్మిన దుకాణమువారు అట్లే చేసిరి. అమ్మాయి కత్తెర తెచ్చి క్రొత్త కవరును రెండుచోట్ల చీల్చి కొక్కెములను బయటకు తీసెను. ఆ చీలికలకు నేను కాజాకుట్టు వేసితిని.

మా అత్తగారు మొదట ఒప్పుకొనలేదు. "నన్ను కట్టేస్తారుటే?" అనిరి. చీర నలుగునని, ఊపిరి యాడదని చెప్పిరి. మనుమరాలు బ్రతిమాలలేదు. ఇంజను ఆపి, తాళము చేతబట్టుకొని, "మామ్మా, నువ్వు పెట్టుకునేదాకా అన్నవరం రాదు" అని కూర్చున్నది. ఎండలో పది నిమిషములు గడచినవి. ఆమె నడికట్టు పొట్టమీద గాక తొడల మొదట పడునట్లు నేను సర్దితిని; భుజపుపట్టీని కొంగు క్రిందనుంచి కాక పైనుంచి తీసితిని. ముందుసీటున నున్న బావగారు ఈ యంతయు చూచుచుండిరి గాని తమ బెల్టు పెట్టుకొనలేదు. కారు కీచుకీచుమని మొఱపెట్టసాగెను.

"ఏమిటే ఆ రొద, ఇంజనులోంచేనా?" అనిరి బావగారు.

"కాదు నాయనా, నీలోంచే" అనిరి వెనుకనుండి మా అత్తగారు.